రోజుకు ఇరవై నిమిషాల కుట్టుపని: ఇంటి పనుల మధ్యే బొంత పూర్తిచేసే పద్ధతి

ఇంట్లో కుట్టుపని ఆగిపోయిందంటే ముందుగా వినిపించే కారణం టైం లేదని. దగ్గరుండి చూస్తే పోయేది కుట్టే సమయం కాదు, తీసి పెట్టే సమయం. మంచం కింద మూట లాగాలి, మిషను మీద పేర్చిన ఉతికిన బట్టలు దించాలి, కత్తెర వంటింట్లోంచి తెచ్చుకోవాలి, కావలసిన రంగు దారం బాబిన్‌కు (కింది దారం ఉండే చిన్న రీలుకు) చుట్టాలి. అన్నీ అమిరేసరికి కుక్కర్ కూత పెడుతుంది. దొరికిన ఇరవై నిమిషాల్లో కుట్టు పడేది అయిదు నిమిషాలే.

కాబట్టి ఈ మార్గదర్శి అంతా ఒక్క పని చుట్టూ తిరుగుతుంది: కూర్చున్న రెండు నిమిషాల్లో సూది గుడ్డలో దిగాలి. అందుకు పనిని ఎలా ముక్కలు చేయాలో, ఏ ముక్కను రోజులో ఎక్కడ పెట్టాలో, ఒడిలో పట్టేంత గళ్లతో పూర్తి బొంత ఎలా తయారవుతుందో కొలతలతో సహా కింద ఉంది.

పని నాలుగు రకాలు, నాలుగూ ఒకే వేళకు కుదరవు

కత్తిరింపు, మిషను కుట్టు, చేతికుట్టు, ఇస్త్రీ. ఒకే రవికలో ఈ నాలుగూ ఉంటాయి, కానీ ఒక్కోదానికి కావలసింది వేరు.

కత్తిరింపుకు మంచి వెలుతురు, నేల మీద జాగా, తొందర లేని బుర్ర కావాలి. కత్తెర పడిన గుడ్డ వెనక్కి రాదు. పిల్లల క్యారియర్లు కట్టే హడావిడిలోనూ, రాత్రి తొమ్మిదికి కళ్లు మూతలు పడుతున్నప్పుడూ గుడ్డ మీద కత్తెర పెట్టకండి. వారానికి ఒక్క పూట, ఆదివారం పొద్దున గంటన్నర చాలు. ఆ వారానికి సరిపడా అంతా అప్పుడే కత్తిరించి పెట్టుకోవాలి.

మిషను పనికి కదలకుండా పదిహేను, ఇరవై నిమిషాలు కావాలి. చప్పుడు చేస్తుంది కాబట్టి పిల్లలు పడుకున్నాక పనికిరాదు. ఇంట్లోవాళ్లు బయటికి వెళ్లాక, మధ్యాహ్నం వంటకు ముందు ఉండే సందు దీనికి బాగుంటుంది.

చేతికుట్టు ఎక్కడైనా సాగుతుంది. హెమ్మింగ్, హుక్కులు, కాజాలు, టాకాలు (పొరలు కదలకుండా వేసి తర్వాత తీసేసే పొడవాటి కుట్లు), బొంత వరసలు ఈ కోవలోవి. టీవీ ముందు, పొదుపు సంఘం సమావేశంలో, ఆసుపత్రిలో టోకెన్ పిలిచేదాకా, ట్యూషన్ బయట అరుగు మీద కూర్చుని చేసుకోవచ్చు. (పల్లెవెలుగు బస్సులో మాత్రం సూది తీయకండి. మన రోడ్ల మీద అది పక్కసీటు వాళ్లకు కూడా ప్రమాదమే.)

ఇస్త్రీ గుత్తగా చేయాల్సిన పని. ఒక్కో కుట్టుకూ పెట్టెను వేడి చేస్తూ కూర్చుంటే కరెంటూ పోతుంది, పూటా పోతుంది. ఇస్త్రీ చేయాల్సినవన్నీ ఒక గంపలో వేసి, ఇంట్లో మామూలు బట్టలు ఇస్త్రీ చేసే రోజునే వీటినీ కలపండి.

ఎండాకాలం లెక్క వేరు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడప, అనంతపురాల్లో నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం పెద్ద బొంత ఒడిలో వేసుకోవడం ఎవరివల్లా కాదు, చెమట చేతికి లేత రంగు గుడ్డ మరకలు కూడా పడుతుంది. ఆ నెలల్లో పొద్దున ఆరు, ఏడు మధ్య కత్తిరింపు, మిషను పని చేసుకుని, మధ్యాహ్నానికి జేబురుమాలంత చిన్న పనులు ఉంచుకోండి. పెద్ద బొంత వరసలకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తగిన కాలం. కుట్టేవాళ్ల కాళ్లను కూడా అది కప్పుతుంది.

మిషను ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి

మడిచి మూల పెట్టే మిషను వారానికొకసారి తెరుచుకుంటుంది. మూత తీస్తే చాలు అనేట్టున్నది రోజూ తెరుచుకుంటుంది. కిటికీ పక్కన, ఎడమ నుంచి వెలుతురు పడేట్టు దానికి శాశ్వతమైన చోటు ఇవ్వండి. మన వైపు గాలి దుమ్ము ఎక్కువ కాబట్టి పాత దుప్పటి ముక్కతో కుచ్చు సంచీలా కుట్టి కప్పండి. ఆ కప్పు మీద మడతపెట్టిన బట్టలు పెట్టడం మొదలైతే మాత్రం కథ మళ్లీ మొదటికొస్తుంది.

పక్కనే ఒక స్టీలు డబ్బా ఉంచండి. అందులో గుడ్డ కత్తెర, దారం కత్తిరించే చిన్న కత్తెర, టేపు, చాకుపీసు, గుండుసూదులు గుచ్చిన మెత్త, సూదుల ప్యాకెట్లు, కుట్టు విప్పే పనిముట్టు ఉండాలి. గుడ్డ కత్తెరతో కాగితం, పాల ప్యాకెట్టు కోయకూడదని ఇంట్లో అందరికీ తెలియాలి. పాల ప్యాకెట్టుకు వేరే కత్తెర కొనివ్వడం దీనికంటే సులువైన దారి.

బాబిన్లు ఒకటి రెండు కాదు, పది కొనుక్కోండి. ఖరీదు తక్కువ, మిగిలే సమయం ఎక్కువ. ఆదివారం కత్తిరింపు అయ్యాక ఆ వారం వాడే రంగులు రెండేసి చొప్పున చుట్టి పెట్టండి. బొంతకైతే తెలుపు లేదా లేత బూడిద రంగు నాలుగు బాబిన్లు నింపుకుంటే వారమంతా బాబిన్ చుట్టే పనుండదు.

సూదిని విరిగేదాకా వాడటం మన అలవాటు. ఎనిమిది, పది గంటల కుట్టు పడ్డాక మొన మొద్దుబారుతుంది, కుట్టు తప్పుతుంది, గుడ్డ పోగులు లాగుతుంది. పట్టుకు 11, రవిక గుడ్డకూ నూలు చీరకూ 14, మూడు నాలుగు పొరల బొంతకు 16, జీన్స్‌కు 18 నంబరు. సూదిని పైకి తగిలేదాకా తోసి బిగించాలి. పొడవాటి గాడి ఏ వైపు ఉంటే ఆ వైపు నుంచే దారం ఎక్కించాలి. కొత్త సూది పెట్టాక కుట్టు పడటం లేదంటే నూటికి తొంభై సార్లు ఈ రెండింట్లో ఒకటి తప్పి ఉంటుంది.

నూనె మిషను నూనే అయ్యుండాలి. కొబ్బరినూనె, వంటనూనె గట్టిపడి జిగురుగా పట్టేస్తాయి. పైనున్న రంధ్రాల్లో ఒక్కో చుక్క, షటిల్ తిరిగే చోట ఒక చుక్క చాలు. నూనె వేశాక పాత గుడ్డ మీద నాలుగు వరసలు కుట్టి, మిగులు నూనె తుడవండి. పాదం కింది ప్లేటు విప్పితే పళ్ల మధ్య దూదిలా పేరుకున్న నూగు కనిపిస్తుంది. పాత చీరలతో బొంత కుట్టే రోజుల్లో అది త్వరగా నిండుతుంది కాబట్టి వారానికొకసారి పాత పళ్ల బ్రష్షుతో దులపాలి.

మోటారు బిగించుకున్నవాళ్లు కాలి బెల్టును పారేయకండి. కరెంటు పోతే మోటారు బెల్టు తప్పించి తోలుబెల్టు వేసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. తోలుబెల్టు వదులైతే పావు అంగుళం కోసి మళ్లీ క్లిప్పు వేయాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో పని లేనప్పుడు బెల్టు చక్రం మీద నుంచి తప్పించి ఉంచండి. వాళ్లు పెడల్ తొక్కి ఆడుకుంటూ వేళ్లు నలుపుకుంటారు.

డబ్బాలో చీటీ

ఒక్కో పనికి ఒక్కో డబ్బా లేదా జిప్పు కవరు పెట్టుకోండి. ఖాళీ స్వీటు డబ్బా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అందులో కత్తిరించిన ముక్కలు, సరిపోయే దారం, హుక్కులు, చుట్టిన బాబిన్ అన్నీ పెట్టాలి. పైన ఒక చీటీ మీద తర్వాత చేయాల్సిన ఒక్క పని రాయండి: “ఎడమ చెయ్యి అతకాలి, గుర్తు ముందు వైపు” అన్నట్టు. పది రోజుల తర్వాత తెరిస్తే ఎడమ ఏదో కుడి ఏదో గుర్తుండదు. ఆ చీటీ లేక చాలా రవికలకు చేతులు తారుమారవుతాయి.

లేచేముందు చివరి రెండు నిమిషాలు కుట్టకండి. తర్వాతి కుట్టుకు ముక్కలు జతచేసి గుండుసూదులు గుచ్చి, మిషనులో దారం ఎక్కించి, చీటీ రాసి లేవండి. ఇంకో నాలుగంగుళాలు కుడదామని చివరి క్షణం దాకా లాగడం వల్లే వంకర కుట్లు పడతాయి. మర్నాడు వాటిని విప్పడానికి ఇరవై నిమిషాలు పోతాయి.

గళ్ల బొంత: ఒడిలో పట్టే కొలత

చీరల మీద చీరలు పరిచి కుట్టే నిండు బొంతకు నేల కావాలి, సగంలో వదిలేస్తే మడిచి పెట్టడమూ కష్టం. పైగా నల్ల మిషనులో సూదికి కుడివైపు జానెడు జాగా కూడా ఉండదు. నాలుగడుగుల బొంతను చుట్టి అందులో దూర్చాలంటే రెండో మనిషి పట్టుకోవాలి. రోజూ కాస్త కాస్త కుట్టేవాళ్లకు గళ్లుగా కుట్టి కలుపుకోవడం మేలు. ఒక్కో గడి దానికదే పూర్తవుతుంది, ఎక్కడ ఆపినా నష్టం లేదు.

ఒక మనిషికి సరిపోయే 4 అడుగులు × 6 అడుగుల బొంతకు 12 అంగుళాల గళ్లు అడ్డంగా 4, నిలువుగా 6, మొత్తం 24.

గుడ్డ లెక్క ఇలా ఉంటుంది. చీర పొడవు అయిదున్నర మీటర్లు, వెడల్పు 45, 46 అంగుళాలు అనుకుంటే:

లోపలి పొరకు 12 × 12 అంగుళాల ముక్కలు, గడికి రెండు చొప్పున 48. వెడల్పులో మూడు వస్తాయి కాబట్టి 16 వరసలు, అంటే దాదాపు 4.9 మీటర్లు. ఒక పాత నూలు చీర సరిపోతుంది.

వెనక వైపుకు 13½ × 13½ ముక్కలు 24. వెడల్పులో మూడు చొప్పున 8 వరసలు, 2¾ మీటర్లు. ఇది సగం చీర.

మిగతా సగం చీర అతుకు పట్టీలకూ, చుట్టూ అంచుకూ పోతుంది.

ముందు వైపుకు ఇంట్లో ఉన్న పీలికలు చాలు. అన్నిటికంటే సులువైన అల్లిక నాలుగు పట్టీలది: 3¾ అంగుళాల వెడల్పు, 13½ అంగుళాల పొడవున నాలుగు పట్టీలు కోసి, పావు అంగుళం లోపలికి కుడుతూ పక్కపక్కన కలిపితే సరిగ్గా 13½ అంగుళాల చదరం వస్తుంది. గళ్లు కలిపేటప్పుడు ఒకటి నిలువు, ఒకటి అడ్డం తిప్పితే చాప అల్లికలా కనిపిస్తుంది.

గుడ్డ ఎంపికలో మొహమాటం వద్దు. పాత చీరను రెండు బొటనవేళ్లతో పట్టి గట్టిగా లాగండి. చిర్రుమంటే అది తుడుచుకునే గుడ్డకే. కింది అంచు, కుచ్చిళ్లు పడే చోటు ముందు నలుగుతాయి, కొంగు వైపు గట్టిగా ఉంటుంది. ఎమ్మిగనూరు, మాధవరం నేత నూలు గుడ్డ ఎన్ని ఉతుకులకైనా ఆగుతుంది, పొరగా బాగా కూర్చుంటుంది. ధర్మవరం పట్టు రవికల ముక్కలు చూడ్డానికి ముద్దొస్తాయి గానీ జారిపోతాయి, పోగులు ఊడతాయి, జరీ ఒంటికి గీరుకుంటుంది. వాటిని దిండు గలీబులకు ఉంచుకోండి. రాయదుర్గం వైపు దొరికే జీన్స్ ముక్కలు కూడా నూలు చీరతో కలపవద్దు. బరువులో తేడా వల్ల నాలుగు ఉతుకులకు జీన్స్ అంచున చీర గుడ్డ చిరుగుతుంది. జీన్స్‌తో సంచీలు, కాళ్లు తుడుచుకునే పట్టలు గట్టిగా వస్తాయి. పాలిస్టరు చీర లోపలి పొరగా పనికిరాదు. చెమట పీల్చదు, పొర మీద పొర జారుతుంది.

కొత్త గుడ్డ ఏదైనా కలుపుతుంటే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేయండి. నూలు మొదటి ఉతుకుకు కుంచించుకుపోతుంది. పాత గుడ్డ కుంచించుకోదు. రెండూ కలిస్తే ఉతికాక గడి పాపడంలా ముడుచుకుంటుంది. ఎరుపు, ముదురు నీలం గుడ్డల్ని తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే ఉప్పునీళ్లలో ముంచి నమ్ముకోవద్దు. రంగు రావడం ఆగేదాకా విడిగా ఉతకండి, ఆగకపోతే పక్కన పెట్టేయండి.

కత్తిరింపుకు ఒక గట్టి అట్ట మీద 12, 13, 13½ అంగుళాల చదరాలు మూడు కోసి పెట్టుకోండి. మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలంటే కర్ణాలు రెండూ కొలవండి, సమానంగా ఉండాలి. ఈ అట్టలు పెట్టి గీసి కోస్తే ప్రతిసారీ టేపు తీయనక్కర్లేదు. పడుగు, పేక పోగుల వెంటే కోయాలి. క్రాసుగా కోసిన ముక్క చేతిలో సాగుతుంది, అలాంటివి రెండు పడితే వరసంతా వంకర పోతుంది.

ఇక గడి కుట్టే వరస:

1. వెనక గుడ్డను తిరగేసి పరిచి, మధ్యలో 12 అంగుళాల పొరలు రెండు పెట్టండి. నాలుగు వైపులా ముప్పావు అంగుళం ఖాళీ ఉండాలి. పైన ముందు గుడ్డ.

2. మధ్యలో కూడిక గుర్తులా రెండు టాకాలు, చుట్టూ ఒకటి వేయండి. టాకా కుట్లు అంగుళానికొకటి పొడవుగా ఉన్నా ఫర్వాలేదు. గుండుసూదులతో సరిపెట్టుకుంటే డబ్బాలో పెట్టి తీసేటప్పుడు ఊడిపోతాయి, వేళ్లకు గుచ్చుకుంటాయి.

3. రెండంగుళాల ఎడంతో అయిదు వరసలు కుట్టండి. లోపలి పొర ఎక్కడ ముగుస్తుందో అక్కడే ఆపాలి, బయటి ముప్పావు అంగుళంలోకి కుట్టు పోకూడదు. తర్వాత లోపలి పొర అంచు నుంచి అరంగుళం లోపల చుట్టూ ఒక వరస వేయండి. ఇది లేకపోతే ఉతికినప్పుడు పొర మూలలు మడిచిపోయి గడ్డ కడతాయి. మిషను మీదైతే మధ్య వరస ముందు, తర్వాత దానికి అటూ ఇటూ కుట్టాలి. కుట్టు పొడవు 3 నుంచి 4 మిల్లీమీటర్లు. చేతితో అయితే ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు, మిషను మీద ఆరేడు నిమిషాలు.

4. టాకాలు తీసి, 13 అంగుళాల అట్ట పెట్టి చుట్టూ సమంగా కోయండి. కుట్టువల్ల గడి కాస్త దగ్గరవుతుంది, అందుకే ముందు అరంగుళం ఎక్కువ తీసుకున్నది.

మిషను మీద వరస చివర పై గుడ్డ అలలా లేస్తుంటే కారణం ఒకటే: కింది పళ్లు అడుగు గుడ్డను లాక్కుపోతుంటే, పై పాదం పై గుడ్డను ఆపుతోంది. పాదం ఒత్తిడి మరను ఒకటి రెండు చుట్లు వదులు చేయండి, టాకాలు దగ్గరగా వేయండి, గుడ్డను వెనక నుంచి లాగకండి. లాగితే సూది వంగి ప్లేటుకు తగిలి విరుగుతుంది.

అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా పడితే చాలామంది బాబిన్ కేసును తిట్టుకుంటారు. తప్పు సాధారణంగా పై దారంలో ఉంటుంది: పై దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్లల మధ్య దారం కూర్చోలేదన్నమాట. పాదం పైకెత్తి మళ్లీ దారం ఎక్కించండి, చాలా సార్లు అంతటితో పోతుంది. ఉచ్చులు పైన పడుతుంటే అప్పుడు బాబిన్ కేసు స్క్రూను పావు చుట్టు బిగించి చూడండి.

వారానికి నాలుగు గళ్ల చొప్పున ఆరు వారాలకు 24 అవుతాయి. ఇంతకంటే ఎక్కువ అనుకుంటే రెండో వారంలోనే అలిసిపోతారు.

గళ్లు కలపడం

24 గళ్లూ నేల మీద పరిచి రంగులు చూసుకోండి. ఇక్కడ మన ఇళ్ల బేతంచెర్ల, తాడిపత్రి బండల నేల పెద్ద వరం. బండల సందులు తిన్నగా ఉంటే వాటి వెంట గళ్లు పేరిస్తే వరస నిలువుగా ఉందో లేదో చూడగానే తెలుస్తుంది. సందులు వంకరగా ఉన్న ఇళ్లలో గట్టి నూలుతాడు లాగి కట్టండి. వరస తేలాక ఫోనులో ఫోటో తీసి, ప్రతి గడి వెనక “2-3” అన్నట్టు చీటీ గుచ్చండి. పిల్లలో పిల్లో ఎత్తేసినా మళ్లీ పేర్చుకోవచ్చు.

రెండు గళ్ల ముందు వైపులు ఎదురెదురుగా పెట్టి, అరంగుళం లోపలికి కుట్టండి. లోపలి పొర ఇందులో పడదు కాబట్టి సూదికి నాలుగు పలుచని పొరలే తగులుతాయి, మామూలు మిషను హాయిగా కుడుతుంది. కుట్టు విడదీసి రెండు వైపులా వేలితో నొక్కి పరచండి. దాని మీద వెనక వైపున అతుకు పట్టీ వేయాలి: 2½ అంగుళాల వెడల్పు పట్టీ, రెండంచులూ అరంగుళం మడిస్తే 1½ అంగుళం మిగులుతుంది, కోసిన అంచులన్నీ దాని కింద దాగుతాయి. వరసలో మూడు అతుకులు, ఆరు వరసలకు 13 అంగుళాల పట్టీలు 18. తర్వాత వరసల్ని ఒకదానికొకటి కలిపి, ఆ అతుకుల మీద 49 అంగుళాల పట్టీలు 5. పాత చీర గట్టి అంచు ఉంటే పట్టీగా అదే వాడండి, ఒక వైపు మడిచే పని తప్పుతుంది.

పట్టీలకు చేతి హెమ్మింగే మంచిది, ముందు వైపు కుట్టు కనిపించదు. మొత్తం దాదాపు 80 అడుగుల హెమ్మింగ్. వినడానికి భయంగా ఉన్నా, రాత్రి సీరియల్ వేళ ఆరేడు అడుగుల చొప్పున రెండు వారాల్లోపే అయిపోతుంది.

చుట్టూ అంచుకు 3½ అంగుళాల వెడల్పున పట్టీలు అతికి 260 అంగుళాల పొడవు చేయండి. బొంత చుట్టుకొలత 244, మిగతాది మూలలకూ అతుకులకూ. పట్టీని పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి, ముందు వైపు అరంగుళం లోపలికి మిషను కుట్టు వేసి, వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేయాలి. మూల దగ్గరకు వచ్చాక అరంగుళం ముందే ఆపి, పట్టీని పైకి మడిచి కిందికి దించి మళ్లీ మొదలుపెడితే మూల కోసుగా వస్తుంది.

నిండు బొంతే కావాలంటే

చీరను మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, చీర వెడల్పు బొంత అవుతుంది. రెండు చీరలతో ఆరు పొరలు. ఒక ఆదివారం నేల మీద పరిచి, జానెడు ఎడంతో టాకాలు వేసేయండి. ఆ ఒక్క పనికి మాత్రం ఇద్దరు మనుషులు, రెండు గంటలు తప్పవు. ఆ తర్వాత వరసలు పొడవునా కాకుండా అడ్డంగా కుట్టండి. పొడవునా అయితే ప్రతిసారీ బొంతంతా విప్పాలి. అడ్డంగా అయితే రెండు కొసల నుంచీ చుట్టి, మధ్యలో అడుగు మేర తెరుచుకుంటే చాలు. రెండంగుళాలకొక వరస చొప్పున 35 వరసలు, నాలుగడుగుల లోపు ఒక వరసకు చేయి తిరిగినవాళ్లకు పది నిమిషాలు. దారం రెండు మూరలకు మించి తీసుకోకండి, పొడవు దారం చిక్కుపడుతుంది. వరసకు రెండు పోగుల చొప్పున మొత్తం 65 మీటర్లు లెక్కేసుకోండి. దారాన్ని కొవ్వొత్తికి ఒకసారి లాగితే నున్నగా పోతుంది. ముడిని పై గుడ్డలోంచి మెల్లగా లోపలికి గుంజితే పొరల మధ్య దాక్కుంటుంది.

రవికకు, చిల్లర కుట్లకు

లైనింగ్ రవికను ఒక్క కూర్పులో కుట్టాలనుకుంటే రెండున్నర గంటలు ఎక్కడా దొరకవు. ఇలా విడదీయండి: శనివారం రాత్రి లైనింగ్ నానబెట్టి ఆరేయడం (ఇది మానేస్తే మొదటి ఉతుక్కే లైనింగ్ కుంచించుకుని రవిక ముడతలు పడుతుంది), ఆదివారం కత్తిరింపు, సోమవారం లైనింగ్ జతచేసి టక్కులు, మంగళవారం భుజాలు, మెడ, బుధవారం హుక్కు పట్టీ, నడుము పట్టీ, గురువారం చేతులు, పక్క కుట్లు, ఆపైన రెండు రాత్రులు హుక్కులు, కాజాలు. శ్రావణం, దసరా ముందు దర్జీల దగ్గర ఎలాగూ గుట్టలు పడి ఉంటాయి. సొంత రవిక ఆషాఢంలోనే మొదలుపెట్టుకోండి.

ఊడిన గుండీలు, విప్పుకున్న పక్క కుట్లు, లంగా బొందులు, చీర ఫాల్స్ ఒక్కోటి వచ్చినప్పుడల్లా కుట్టకండి. ఒక గంపలో వేసి, దారం రంగును బట్టి పేర్చండి. నల్లవన్నీ ఒకసారి, తెల్లవన్నీ ఒకసారి. దారం మార్చడానికే సగం సమయం పోతుంది కాబట్టి, ఎవరి బట్ట అన్నది కాదు, ఏ దారం అన్నదే వరస.

తప్పనిసరి విరామాలు

శనక్కాయలు పీకే నెలలు, పెళ్లిళ్లు, పరీక్షలు వస్తాయి. అప్పుడు కుట్టు ఆగుతుంది, ఆగనివ్వండి. ఆపేముందు చేయాల్సింది రెండే. మొదలుపెట్టిన గడి పూర్తిచేసి డబ్బా మూసేయాలి, గుడ్డల మధ్య ఎండిన వేపాకు వేయాలి. సగం కుట్టిన గడిలో సూది గుచ్చి వదిలేస్తే తుప్పు మరక పడుతుంది, ఆ మరక ఓ పట్టాన పోదు.

మూడు, నాలుగు నెలలు మూల ఉన్న మిషను బిగుసుకున్నట్టు తిరుగుతుంటే బలంగా తొక్కకండి. పాత నూనె గట్టిపడి ఉంటుంది. దారం, సూది తీసేసి, నూనె రంధ్రాల్లో రెండు చుక్కల కిరోసిన్ వేసి, చక్రాన్ని చేత్తో అయిదు నిమిషాలు తిప్పండి. నల్లగా కారింది తుడిచి, గంట ఆగి మిషను నూనె వేయండి. కొత్త సూది పెట్టి, పాత గుడ్డ మీద రెండు మీటర్ల కుట్టు నూనె మరక లేకుండా పడ్డాకే గడి గుడ్డ పాదం కింద పెట్టండి.